ఇమజ కోసం ఉపవాసం

"వాళ్ళు నా కోసమే లేచారే మార్తా."

"నీ కోసం కాదు. చిరిగిన పుస్తకం కోసం."

మా అక్క మరియమ్మకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. ఆసుపత్రి మంచం మీద ఆమె, పక్కన స్టూలు మీద నేను. నా మాట విని గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళేసరికి ఆమెకి మాట పడిపోయింది. ఆ తర్వాత మనిషే పోయింది. పోయే మనిషితో అలా అంటారా అని మా వాళ్ళు నన్ను మొహం మీదే అడిగారు. అన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంటాను. మంచం మీద ఉన్నవాళ్ళకి తియ్యటి అబద్ధాలు చెప్పడం నాకు చేతకాదు. చేతనైనవాళ్ళు మా సంఘంలో కావలసినంత మంది ఉన్నారు.

అక్క జ్ఞాపకార్థ కూడికలో ఆ సంగతి తేలిపోయింది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు మైకు పట్టుకుని, "మరియమ్మ గారు పడుచు వయసులో చెరలో ఉన్నప్పుడు మన సంఘం ఉపవాసముండి ప్రార్థించి ఆమెను విడిపించుకుంది" అని చెప్పారు. ఆయన అప్పటికి పుట్టి కూడా ఉండరు. ఎవరో చెప్పి ఉంటారు, ఆయన నమ్మి ఉంటారు. జనమంతా ఆమేన్ అన్నారు. నేను లేచి నిలబడ్డాను. పక్కనే కూర్చున్న కెజియా, అక్క మనవరాలు, నా కొంగు పట్టి కిందకి లాగింది. "ఇక్కడొద్దు చిన్నమ్మమ్మా. ఇంటికెళ్ళాక నాకు చెప్పు, నేను రాస్తా" అంది. అలా మొదలైంది ఇది. నేను చెబుతున్నాను, అది ఫోనులో కొడుతోంది. నాకు నా పేరు రాయడం వచ్చు. బస్సు నుదుటి మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి రాదు. ఎందుకు రాలేదో కూడా ఇందులోనే వస్తుంది.

కెజియా విజయవాడలో ఇంజనీరింగు చదువుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక గుణదలలో నా ఇంటికి వచ్చి, చేపల పులుసు తిని, సోమవారం పొద్దున్నే పోతుంది. దాని సంచిలో బట్టల కంటే పుస్తకాల బరువెక్కువ. ఇంగ్లీషు పుస్తకాలు, ఒక్కొక్కటీ ఇటుకంత ఉంటాయి. నల్ల అట్ట మీద కత్తి, కత్తికి చుట్టుకున్న ముళ్ళ తీగ. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా కళ్ళు అందులోనే. ఒకరోజు నేను పుస్తకం మూసేసి ఏముందే ఇందులో అని అడిగితే చెప్పింది. లోకం అంతా కాలి బూడిదైపోయిందట. ఒక్క పట్నం మిగిలిందట. అక్కడ పీల్చే గాలిని కూడా రాజు కొలిచి ఇస్తాడట. ఆ గాలి దొంగిలించడానికి ఒక పిల్ల కోటలో దూరితే, రాజు దగ్గర పనిచేసేవాడు పట్టుకుని మెడ మీద కత్తి పెడతాడట. వాడే ఆ తర్వాత ఆమెని ప్రేమిస్తాడట.

"మెడ మీద కత్తి పెట్టినోడు అదే మెడ మీద ముద్దెట్టా పెడతాడే?" అన్నాను.

"అదే కిక్కు చిన్నమ్మమ్మా. చంపుతాడో ప్రేమిస్తాడో ఆఖరి దాకా తెలీదు."

"మాకు తెలిసేది. కొట్టేవాడు."

"అబ్బ, నీతో చెప్పలేం."

ఈ కథలేవో తన కాలంలోనే పుట్టాయని దాని నమ్మకం. నేను దాని వయసుకంటే చిన్నప్పుడే విన్నాను. అప్పుడు గాలి బదులు నీళ్ళు, అంతే తేడా.

మా ఇల్లు కంకిపాడు దాటాక కాలవగట్టు మీద పేటలో ఉండేది. నాన్న మాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ విస్తళ్ళు కుట్టేది. మోదుగాకు మోపులు మైలవరం అడవి వైపు నుంచి బండి మీద వచ్చేవి. పొద్దున్నే ఆ మోపులు విప్పి, నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టా కప్పడం నా పని. ఆకు ఎండిపోతే మడిచేటప్పుడు పెళుక్కున విరుగుతుంది. తడి ఎక్కువైతే మచ్చలు పడుతుంది. ఆ గోనె ఎత్తినప్పుడు వచ్చే వాసన, పచ్చీ కాదు ఎండూ కాదు, ఇప్పటికీ వాన పడ్డ రోజున నా ముక్కుకి తగులుతుంది. నాకు ఆ వాసన ఇష్టం లేదు. అమ్మకి నోట్లో ఎప్పుడూ పొగాకు కాడ ఉండేది. పని మొదలుపెట్టే ముందు దాన్ని తీసి చెవి వెనక పెట్టుకుని, గంజి తాగి, ఎండు నెత్తళ్ళు నిప్పుల మీద కాల్చి తలా కాస్త పెట్టేది. ఆ తర్వాత పేటలో ఆడవాళ్ళంతా మా పాక నీడలోకి చేరేవాళ్ళు. వెదురు చీల్చిన సన్నని పుల్లలు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కో పుల్లా తీసి, ఆకూ ఆకూ కలిపి గుచ్చుతూ పోవాలి. కుట్టినవన్నీ దొంతి పెట్టి పైన రాయి పెడితే పొద్దుటికి చదునౌతాయి.

పెదాల మధ్య పుల్లలున్న మనిషి మాట్లాడలేదు. వినడమే. అందుకే మా పాకకి చదివే మనిషి కావలసివచ్చింది. మా అక్క అయిదో తరగతి దాకా చదివింది. దీనమ్మత్త, అంటే మా పేటలో అందరి మీదా పెత్తనం చేసే ముసలిది, కంకిపాడులో ఒక టీచరమ్మ ఇంట్లో అంట్లు తోమేది. ఆ టీచరమ్మ చదివేశాక వారపత్రిక అడిగి తెచ్చేది, మళ్ళీ జాగ్రత్తగా తిరిగిచ్చేది. మా వాళ్ళు దాన్ని పత్రిక అనేవాళ్ళు కాదు, పుస్తకం అనేవాళ్ళు. అక్క గడప మీద కూర్చుని పైకి చదివేది. చదివే మనిషి కుట్టక్కర్లేదని మా పాకలో కట్టుబాటు. మిగతావాళ్ళు తలా కొన్ని కుట్టి ఆమె వాటా పక్కన పెట్టాలి. పెద్దవాళ్ళు మర్చిపోయినప్పుడల్లా ఆ వాటా నా మీద పడేది. నన్ను బళ్ళో వేసిన ఏడాదే మాన్పించారు, ఆమె చదవాలి గనక, ఆమె బదులు నేను కుట్టాలి గనక. "బైబిల్లో అక్కచెల్లెళ్ళకి లాగే పేర్లు పెట్టినప్పుడే పనులు పంచేశాం, మార్తకి పని, మరియకి వినికిడి" అని అమ్మ నవ్వేది. వినికిడి ఏంటి, దాని నోరు మోగుతుంటే వినేది మేము. సీరియల్ అయిపోయాక నీకు అక్షరాలు నేర్పుతానే అనేది అక్క. ఆ సీరియల్ అవదు. ఒకటి అయితే ఇంకొకటి మొదలయ్యేది.

అన్నిటికంటే పేటని బాగా పట్టుకున్నది గోడ కథ. పేరు వేరే ఏదో ఉండేది గాని మేమంతా గోడ కథే అనేవాళ్ళం. సముద్రం పొంగి భూమంతా మునిగిపోతే ఒక కొండ మీద పట్నం మిగులుతుంది. చుట్టూ ఆకాశమంత గోడ. లోపల రాజు. మనిషికి పూటకి దోసెడు నీళ్ళు ఇస్తాడు. ఎదురు తిరిగిన ఇంట్లో పిల్లని తీసుకెళ్ళి బురుజులో పడేస్తాడు. అలా పడ్డ పిల్ల పేరు హిమజ. మా వాళ్ళ నోట్లో పుల్లల మధ్య ఇమజ అయింది. గోడ మీద కాపలా కాసే నాయకుడొకడు, పొడుగ్గా, మాట తక్కువ, చూపు ఎక్కువ. రాజు కంట పడకుండా కాపాడతానని వాడు ఆ పిల్లని ఇంకా లోపలి గదిలో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి మెడలో వేసుకుంటాడు. అక్కడ అక్క గొంతు తగ్గించి చదివేది. ఆడవాళ్ళు పుల్ల గుచ్చడం ఆపేవాళ్ళు. కాలవ ఒడ్డున కూర్చుని, కడవలకి కడవలు నీళ్ళు ముంచుకునే మనుషులు, దోసెడు నీళ్ళ కోసం ఆ పిల్ల నాలుక చాస్తే భుజాలకి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. సముద్రం పొంగడం మాకు కొత్త కాదు, ఉప్పెన మాట వింటేనే గంప సర్దుకునే ఊళ్ళు మావి. అయినా మా మీదికి వచ్చినప్పుడు అంత ఏడుపు రాలేదు. సొంత ఏడుపు ఏడిస్తే ఎందుకే అని నలుగురూ అడుగుతారు. ఇమజ కోసం ఏడిస్తే ఎవరూ అడగరు.

ఇదంతా ఎక్కడిదాకా పోయిందంటే, శుక్రవారం స్త్రీల కూడికలో పాస్టరమ్మ గారు ప్రార్థన విన్నపాలు ఏమున్నాయమ్మా అని అడిగితే దీనమ్మత్త లేచి, "ఇమజ అనే బిడ్డ చెరలో ఉందమ్మా. దాని కోసం" అంది. ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మ గారు మా పేటకి కొత్త.

"ఎవరి పిల్ల?" అని అడిగింది.

"తల్లీ తండ్రీ లేరండి. ఆళ్ళని రాజు చంపేశాడు."

"రాజు అంటే?"

"రాజే అండి. దుర్మార్గుడు."

రాజు అనేది ఎవరో రౌడీ పేరనుకుందో ఏమో ఆవిడ. "బాప్తిస్మం అయిందా?" అంది.

"అవలేదండి. కానీ మంచి పిల్ల."

పాస్టరమ్మ గారు మోకాళ్ళ మీద పడి, ఇమజ పేరు ఎత్తి ఎత్తి ప్రార్థన చేసింది. ఆ వారం ఆడవాళ్ళు ఒక పూట ఉపవాసం ఉన్నారు, మా అమ్మతో సహా. అసలు సంగతి తెలిశాక పాస్టరమ్మ గారు చాలా రోజులు మాతో ముభావంగా ఉంది గాని, ఉపవాసం మాత్రం నిజం. పాస్టరు గారు మైకులో చెప్పిన ఉపవాసం అదే. అది మా అక్క కోసం కాదు.

యాకోబు సంబంధం ఆ రోజుల్లోనే వచ్చింది. కంకిపాడు చివర రైసు మిల్లులో లారీ డ్రైవరు. పొడుగు. చూసుకోవడానికి వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, పిల్ల వంక ఒక్కసారి చూసి లేచాడు. వాళ్ళ పెద్దమ్మే అన్నీ మాట్లాడింది. వాళ్ళు వెళ్ళాక అక్క నా జబ్బ పట్టుకుని, "గోడ మీద నిలబడే మనిషిలా లేడూ" అంది. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పేంత తెలివి లేదు. కథలో ప్రమాదానికి కిరీటం ఉంటుంది, కోట ఉంటుంది, వస్తుంటే బాకా ఊదుతారు. మా ఇంటికొచ్చిన ప్రమాదం ఆదివారం తెల్ల చొక్కా తొడుక్కుని గుడిలో రెండో వరసలో కూర్చుని పాటలు బాగా పాడేది. మాట తక్కువైతే మనసులో ఏదో లోతు ఉందని అక్కకి కథలు నేర్పాయి. మాట తక్కువైనవాడి మనసులో ఏమీ లేకపోవచ్చని ఏ కథా చెప్పలేదు.

పెళ్ళయ్యాక మిల్లు వెనక ఒక్క గది ఇంట్లో కాపురం పెట్టారు. మా పాక నుంచి గట్టు మీద నడిచి వెళ్ళొచ్చు. నేను మొదటిసారి వెళ్ళేసరికి తలుపుకి బయట తాళం ఉంది. ఊరెళ్ళారనుకుని తిరిగి వస్తుంటే కిటికీలోంచి అక్క పిలిచింది. ఊచలు పట్టుకుని నవ్వుతోంది.

"బయటేశాడేంటి?"

"మిల్లులో మగాళ్ళు తిరుగుతుంటారంట. ఆయనకి భయం. నామీద అంత ఇది."

"దొడ్డికి ఎట్టా పోతావే?"

"ఆయన డ్యూటీకి ఎళ్ళేముందే పోతా."

అది చెప్పేటప్పుడు కూడా దాని మొహంలో గర్వం ఉంది. నేను ఆ తాళాన్ని చూశాను. మా పాకకి తలుపే లేదు, గోనెపట్టా వేలాడేది. తాళం ఉన్న ఇంటికి అక్క వెళ్ళిందని అమ్మ పేటంతా చెప్పుకుంది కూడా. కొన్నాళ్ళకి ఆ నవ్వు పోయింది. మొదట మోచేతి దగ్గర కమిలితే జారిపడ్డాను అంది. తర్వాత పెదవి చిట్లితే ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒకరోజు ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని, "అమ్మని వచ్చి నన్ను తీసుకెళ్ళమను. కడుపుతో ఉన్నాను" అంది. ఇది నా చెవులతో విన్నాను. కథ వల్ల ఉండిపోయింది అని నేను ఎవరినీ అననివ్వను. రమ్మని అడిగింది.

అమ్మ వెళ్ళింది. యాకోబు ఆమెకి పీట వేసి, "అత్తయ్యా, భోజనం చేసి వెళ్ళండి" అన్నాడు. అమ్మ భోజనం చేసి వచ్చేసింది. అల్లుడు అంత మర్యాద చేశాక ఏం అడగనే అంది. నేను పాస్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మాట అంతా విని, తలుపు దగ్గరగా వేసి, "మొగుడూ పెళ్ళాల మధ్య మనం దూరకూడదమ్మా. ప్రార్థనలో పెడదాం" అంది. శుక్రవారం కూడికలో పెట్టింది. ఏమని పెట్టిందో తెలుసా. "మన మధ్య ఒక సహోదరి కుటుంబ సమాధానం కొరకు." అంతే. పేరు లేదు. ఆ పేరు అందరికీ తెలుసు, అందరూ తలలు దించుకున్నారు, ఎవరూ పలకలేదు. అచ్చులో తప్ప ఎక్కడా లేని పిల్ల కోసం పేరు ఎత్తి ఉపవాసం ఉన్నారు. గట్టు మీద నడిచి వెళ్ళేంత దూరంలో తాళం లోపల ఉన్న మా అక్క కోసం ఒక పూట అన్నం మానలేదు, పేరు ఎత్తలేదు. నేను ఇప్పటికీ గుడికి వెళ్తాను, పాటలు పాడతాను, కానుక వేస్తాను. కానీ విన్నపాలు అడిగినప్పుడు మాత్రం పేర్లు ఎత్తి చెబుతాను, మొగుళ్ళ పేర్లతో సహా. అందుకే నా పక్కన కూర్చోవడానికి చాలామందికి ఇష్టం ఉండదు.

ఇక పాకలో చదివే మనిషి లేదు. దీనమ్మత్త పుస్తకం తెస్తుంది, బొమ్మలు చూస్తారు, మళ్ళీ తీసుకెళ్తుంది. ఇమజ ఏమైందో తెలియక ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు కసురుకునేవాళ్ళు. చివరికి దీనమ్మత్తే పుస్తకం నా ఒళ్ళో పడేసి, "మీ అక్క ఊసుపోక చస్తంటదిగా. కిటికీలోంచి చదవమను. నువ్వు విని మాకు చెప్పు" అంది. నేను వెళ్ళాను. అక్క ఊచల వెనక నిలబడి చదివింది, నేను అరుగు మీద కూర్చుని విన్నాను. వచ్చి చెబితే, "ఏంటే ఈ చెప్పడం, గంజిలో ఉప్పు లేనట్టు" అన్నారు. నాకు చెప్పడం చేతకాదు, ఆ పిల్ల మీద నాకు జాలీ లేదు. దాంతో మరుసటి వారం వాళ్ళే బయలుదేరారు. ఆకుల మోపులు నెత్తిన పెట్టుకుని, పుల్లలు కొంగున ముడేసుకుని, యాకోబు లారీ వేసుకుని బందరు వైపు వెళ్ళాడని తెలుసుకుని, మిల్లు వెనక గోడ నీడలో వరసగా కూర్చున్నారు. అక్క చదివేది. వీళ్ళు కుట్టేవాళ్ళు. అలవాటు కొద్దీ చదివేదాని వాటా కుట్టి తలుపు దగ్గర, తాళం కింద, దొంతి పెట్టేవాళ్ళు. ఆ దొంతిని తీసుకోవడానికి ఆమెకి చెయ్యి అందదన్న ఆలోచన వాళ్ళకి రాలేదు. వెళ్ళేటప్పుడు మళ్ళీ నేనే మోసుకొచ్చేదాన్ని.

అలా కొన్ని వారాలు నడిచింది. అక్క మొహం మీద కొత్త దెబ్బ ఉంటే వాళ్ళు చూసేవాళ్ళు, చూసి, "ఇమజని బురుజు దింపారా లేదా, అక్కణ్ణుంచి చదువు" అనేవాళ్ళు. ఒకరోజు బందరులో సరుకు లేదని తెలిసి యాకోబు దారిలోంచే వెనక్కి వచ్చేశాడు. లారీ దూరంగా ఆపి నడిచి వచ్చాడేమో, చప్పుడు వినలేదు.

"ఏంటీ సంత?" అన్నాడు.

దీనమ్మత్త తలెత్తకుండానే, పుల్లల సందులోంచి, "ఉండవయ్యా, కథ మజ్జిలో ఉంది" అంది.

వాడు తాళం తీశాడు. లోపలికి వెళ్ళాడు. చదువు ఆగింది. దెబ్బ చప్పుడు వినపడింది, దాని వెనకే ఇంకొకటి. ఇది నేను దేవుడి ముందు చెబుతాను. ఒక్కరి చెయ్యి ఆగలేదు. మొగుడు పెళ్ళాన్ని కొట్టే చప్పుడు మా పేటలో కోడి కూతలాంటిది, విన్నామని కూడా అనుకోరు. నేను లేచాను, మా అమ్మ నా లంగా అంచు పట్టుకుంది. అప్పుడు కిటికీ ఊచల్లోంచి ఆ వారపత్రిక ముక్కలై బయట పడింది, దీనమ్మత్త ఒళ్ళో ఉన్న ఆకుల మీద. ఆమె నోట్లో పుల్లలు ఊసేసింది. "ఎవరి సొమ్మనుకున్నావురా చింపడానికి? అది టీచరమ్మది" అంటూ లేచింది. ఆమె లేస్తే అందరూ లేచారు. తలుపు తెరిచే ఉంది. గది పట్టదు, అయినా దూరారు. వాడు ఒక్కడు, వాళ్ళు పేట పేటంతా. వాడు వాళ్ళని ఏమీ అనలేదు. వాడికి చెయ్యి లేచేది ఒక్క మనిషి మీదే. బయటికొచ్చేటప్పుడు అక్క మధ్యలో ఉంది, దీనమ్మత్త దాని జబ్బ పట్టుకుని ఉంది. అలాగే గట్టు మీద మా పాక దాకా నడిచారు. ఆకుల మోపులు అక్కడే వదిలేసి వచ్చారు, తర్వాత నేను వెళ్ళి తెచ్చాను.

వాడు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రెండు మూడుసార్లు వచ్చాడు. అక్క వెళ్ళలేదు. మా పాకలోనే కెజియా వాళ్ళమ్మని కన్నది. యాకోబు మరో పెళ్ళి చేసుకుని పామర్రు వైపు పోయాడు, అక్కడ ఇంకెవరికి తాళం వేశాడో తెలియదు. ఇక ఇమజ సంగతి. చివరి భాగం వచ్చినప్పుడు అక్క మా గడప మీద పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుని చదివింది. రాజు చచ్చాడు, గోడ కూలింది, ఇమజ ఆ కాపలా నాయకుడి మెడలో తాళంచెవి తీసి పారేసి పూలదండ వేసింది. ఆడవాళ్ళంతా ఆనందంతో ఏడ్చారు. అక్క గొంతు ఎక్కడా వణకలేదు. నేను కుడుతున్న విస్తరి పక్కన పడేసి కాలవ దగ్గరికి పోయాను. అక్షరాలు నేర్పుతా రావే అని అక్క ఆ తర్వాత నిజంగానే పిలిచింది, పలక కూడా కొన్నది. నేనే పోలేదు. ఆ అక్షరాలు ఎక్కడికి తీసుకెళ్తాయో చూశాను అనుకున్నాను. మా ఆయన బతికున్నప్పుడు కూడా నేర్పుతానని ఎంతో బతిమాలాడు. ఆయన రైల్వేలో కళాసీ, ఇంటికి తాళం వేయాల్సిన రోజున కూడా వేయడం మర్చిపోయే మనిషి. ఆయన మీద కోపం లేదు, అయినా నేర్చుకోలేదు.

ఇదంతా చెప్పి, ఇప్పుడు తెలిసిందా నీ పుస్తకాల సంగతి అని కెజియాని అడిగాను. అది ఫోనులో కొట్టడం ఆపింది.

"అమ్మమ్మ లోపలుంది. నువ్వు బయటున్నావు" అంది.

"అయితే?"

"లోపలికొచ్చాక దీనమ్మగారు పుస్తకం మాట ఎత్తలేదంట. అమ్మమ్మ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసిందంట. చూసి, నడవ్వే తల్లీ అందంట. నాకు చాలాసార్లు చెప్పింది. పుస్తకం కోసం లేచారేమో గానీ అమ్మమ్మ కోసమే బయటికి నడిచారు."

ఉండొచ్చు. నేను చూడలేదు. కానీ చెంపదెబ్బకి లేవని మనుషులు కాగితం చిరిగితే లేచారన్నది నేను చూశాను, దాన్ని మార్చను. దానికి కెజియా ఇంకో మాట చెప్పింది. ఇది రాయనని మొండికేసింది, రాయాల్సిందే అన్నాను. ఇంటర్లో దాన్ని వేసిన హాస్టల్లో గేటుకి బయట తాళం ఉండేదట. కిటికీలకి ఇనుప జాలీ. ఫోను ఉండదు. మార్కులు తగ్గితే పక్క సెక్షన్లోకి తోసి, ఆ పిల్లలతో మాట్లాడొద్దని మిగతావాళ్ళకి చెప్పేవాళ్ళట. దుప్పటి కింద దాచుకుని ఆ నల్ల అట్టల పుస్తకాలు చదవడం అక్కడే మొదలైందట.

"ఆ పుస్తకంలో పిల్ల గేటు తగలబెడుతుంది చిన్నమ్మమ్మా. నేను తగలబెట్టలేను కదా. అందుకే చదివేదాన్ని."

"అరవనైనా అరిచావా?"

"అరిస్తే అమ్మకి ఫోన్ చేస్తారు."

"చేస్తే?"

"చేశారు. ఒక్క ఏడాది ఓర్చుకో బంగారం, అందరి పిల్లలూ ఉండట్లేదా అంది."

ఆ గదిలోంచి మా అక్క కడుపులో బయటపడ్డ పిల్ల అది, కెజియా వాళ్ళమ్మ. తన కూతుర్ని తాళం లోపల ఓర్చుకోమంది. అప్పుడు తాళం వేసినవాడు మొగుడు గనక ఊరుకున్నాం, ఇప్పుడు ఫీజులు కట్టి మరీ వేయిస్తున్నారు. పిల్లలు లోపల కూర్చుని గోడలు కూలే కథలు చదువుకుంటారు, బయట తల్లులు వాళ్ళ ర్యాంకుల కోసం ఉపవాసం ఉంటారు. ఆ కథలు మంచివో చెడ్డవో నాకు తేలలేదు, తేల్చాలని కూడా లేదు. మా అక్కని లోపలికి పంపింది ఆ కథే, ఆ కథ కోసమే జనం కిటికీ కిందికి వచ్చారు. దానికి నేను దండం పెట్టను. గోడ లేని ఊళ్ళో గోడ కథలు ఎవరూ చదవరు, నాకు తెలిసింది ఇంతే. కెజియా హాస్టల్లో ఉన్న సంగతి నాకు తెలుసు, తాళం సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ గేటు దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఎవరి పుస్తకమూ చిరగక్కర్లేదు.

చాలు, ఇక రాయకు కెజియా. కళ్ళు తుడుచుకుని ఇప్పుడు రాసింది నాకు చదువు. మొదటి నుంచి వద్దు. మీ అమ్మ నిన్ను ఓర్చుకోమన్న చోటు నుంచి చదువు. మెల్లగా చదువు, గొంతు తగ్గించకు, ఎక్కడా వణికించకు. వింటుంటే నాకు ఏడుపొస్తే నేను తప్పు చెప్పినట్టు, అది కొట్టేసి మళ్ళీ రాయాలి. కోపం వస్తే మాత్రం ఉంచు, మీ అమ్మకి కూడా ఇదే గొంతుతో చదివి వినిపించాలి. ఊఁ, చదువు.